చెత్తతో వెలిగిన దీపం

పొద్దున్నే వంటింటి చెత్తబుట్ట ఎత్తి చూడండి. టీపొడి, సొరకాయ తొక్కలు, రాత్రి మిగిలిన చారన్నం. సంచి అడుగున నీళ్లు కారుతుంటాయి. చెత్తను కాల్చి కరెంటు తీద్దామన్నప్పుడల్లా మన దేశంలో అడ్డం పడింది ఆ నీళ్లే.

ఊరి చెత్తను పద్ధతిగా కాల్చే కొలిమి 1874లో ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌లో వెలిసింది. దాన్ని ‘డిస్ట్రక్టర్’ అన్నారు. పేరుకు తగ్గట్టే చెత్తను మాయం చేయడమే దాని పని. ఆ వేడిని ఊరికే పోనివ్వకూడదనుకున్నవాళ్లలో లండన్‌లోని షోర్‌డిచ్ పేటవాళ్లు ముందున్నారు. చెత్త మంటతో నీళ్లు మరిగించి, ఆ ఆవిరితో కరెంటు తీసే కేంద్రాన్ని 1897లో కట్టించారు. శాస్త్రవేత్త లార్డ్ కెల్విన్ దాన్ని ప్రారంభించారు. దుమ్ములోంచే వెలుగూ శక్తీ పుడతాయనే అర్థంలో గోడమీద లాటిన్ మాటలు చెక్కించారు. మిగిలిన వేడి పక్కనున్న స్నానశాలకు వెళ్లింది. ఆ భవనం ఇప్పటికీ నిలిచే ఉంది. అక్కడి చెత్త అంత బాగా మండిందంటే అది వాళ్ల పొయ్యిల చలవ. ఇంటింటా బొగ్గు కాల్చేవాళ్లు కాబట్టి బుట్టలో బూడిదతోపాటు సగం కాలిన బొగ్గూ పడేది.

మన బుట్టలో బొగ్గెక్కడిది? 1987లో ఢిల్లీ తిమార్‌పూర్‌లో డెన్మార్క్ పరిజ్ఞానంతో రోజుకు 300 టన్నుల చెత్త కాల్చి 3.75 మెగావాట్లు తీసేలా ప్లాంటు కట్టారు. వచ్చిన చెత్తలో తడి, మట్టి ఎక్కువ. అనుకున్న వేడిలో సగం కూడా పుట్టలేదు. కొద్ది రోజులకే ప్లాంటు మూతపడింది. తప్పు యంత్రానిది కాదు, దానికి మనం పెట్టిన మేతది. కిలోకు కనీసం 1500 కిలోకేలరీల వేడినిచ్చే, మళ్లీ వాడుకోలేని చెత్తను ఇంధనంగానే వాడాలని దేశంలో చెత్త నిర్వహణకు తెచ్చిన 2016 నిబంధనలు తేల్చాయి. హైదరాబాద్ జవహర్‌నగర్‌లో 19.8 మెగావాట్ల ప్లాంటు 2020లో మొదలైంది. ఇలాంటివి నిలబడాలంటే ఆ నీళ్ల సంచి అక్కడిదాకా చేరకూడదు.

మరి అదెక్కడికి పోవాలి? దారి మనకు కొత్తదేం కాదు. షోర్‌డిచ్ వెలిగిన ఆ 1897లోనే బొంబాయి మాటుంగాలోని కుష్ఠురోగుల ఆశ్రమంలో మురుగు నుంచి గ్యాసు పట్టి దీపాలు వెలిగించారు. తర్వాత పల్లెల్లో పేడతో నడిచిన గోబర్ గ్యాసుదీ అదే సూత్రం. గాలి చొరని తొట్టిలో సూక్ష్మజీవులు తడి సరుకును తిని మీథేన్ వదులుతాయి. పొయ్యిని ఆర్పేసే తడే ఇక్కడ పని జరిపిస్తుంది.

సికింద్రాబాద్ బోయినపల్లి కూరగాయల మార్కెట్లో ఆ సూత్రం కళ్లెదుటే కనిపిస్తుంది. కుళ్లిన టమాటాలు, క్యాబేజీ పైఆకులు, కొత్తిమీర కాడలు మరలో ముక్కలై, గుజ్జై, తొట్టిలోకి జారతాయి. హైదరాబాద్‌లోని సీఎస్‌ఐఆర్-ఐఐసీటీ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు రూపొందించిన పద్ధతి ఇది. రోజుకు 10 టన్నుల వ్యర్థాలతో 500 యూనిట్ల కరెంటు తీసేలా కట్టారు. మార్కెట్ చెత్తలో గాజుపెంకులు, బ్యాటరీలు, డైపర్లు పెద్దగా కలవవు. అందుకే ఆ తొట్టి ఆరోగ్యంగా ఉంటుంది. అర్ధరాత్రి లారీలోంచి బస్తాలు దించే హమాలీలకు దారి చూపే దీపాలకు, ముందురోజు అమ్ముడుపోని టమాటాలే నూనె.