కౌలుకు పన్ను లేదు, మరి నజరానాకు?

పొలం అమ్మకుండా, సాగు చేసుకునే హక్కు మాత్రం ఇచ్చి ఒకేసారి పెద్ద మొత్తం తీసుకోవడం మన దేశంలో పాత ఆనవాయితీ. జమీందారు పట్టా రాసిచ్చేటప్పుడు రైతు దగ్గర నజరానా పుచ్చుకునేవాడు. బెంగాల్, అస్సాంలలో దాన్నే సలామీ అన్నారు. ఏటా కట్టే కౌలు వేరు, ఇది వేరు. ఈ తేడా ఊళ్లో అందరికీ తెలుసు. ఆదాయపు పన్ను చట్టం దాన్ని గుర్తించడానికి మాత్రం దాదాపు వందేళ్లు పట్టింది.

1857 తిరుగుబాటు ఖర్చుతో ఖాళీ అయిన ఖజానా నింపడానికి జేమ్స్ విల్సన్ 1860లో ఆదాయపు పన్ను తెచ్చాడు. మద్రాసు గవర్నర్ ట్రెవెల్యన్ దాన్ని బాహాటంగా వ్యతిరేకించి పదవే పోగొట్టుకున్నాడు. ఆ పన్ను భూమి మీది ఆదాయాన్నీ వదల్లేదు. అది 1865లో ఆగింది, మళ్లీ వచ్చింది, మళ్లీ పోయింది. చివరికి 1886 చట్టం వ్యవసాయ ఆదాయాన్ని పక్కన పెట్టింది. శిస్తు కడుతున్న భూమి మీద ఇంకో పన్ను ఎందుకన్న వాదన అప్పటికే బలంగా ఉంది. సాగుకు వాడే భూమి మీద వచ్చే కౌలు కూడా ఆ మినహాయింపులోకే చేరింది. నజరానా సంగతి చట్టం చెప్పలేదు.

ముందు డబ్బిచ్చి భూమి అనుభవించే ఏర్పాటు మీద పెద్ద తీర్పు 1935లో వచ్చింది. దర్భంగా మహారాజు కామేశ్వర్ సింగ్ వడ్డీ వ్యాపారం కూడా చేసేవారు. ఆయన ఒక ఎస్టేటు యజమానికి పెద్ద మొత్తం ఇచ్చి, అందుకు బదులుగా ఆ భూములను జర్‌పేష్గీ కౌలుకు తీసుకుని రైతుల నుంచి వసూళ్లు చేసుకున్నారు. మన రాయలసీమలో భోగ్యం అనే ఏర్పాటుకు ఇది దగ్గర చుట్టం. ఆ వసూళ్లు వ్యాపార ఆదాయమేనని పన్ను శాఖ పట్టుబట్టింది. ప్రివీ కౌన్సిల్ ఒప్పుకోలేదు. మినహాయింపు ఆదాయానిది, పుచ్చుకునే మనిషి ఎవరైనా సరే అంది. ఈ సూత్రం తర్వాతి ఎన్నో తీర్పులకు పునాది అయింది.

అదే ఏడు వచ్చిన భారత ప్రభుత్వ చట్టం వ్యవసాయ ఆదాయం మీద పన్ను వేసే అధికారాన్ని రాష్ట్రాలకు అప్పగించింది. బీహార్ 1938లో, అస్సాం 1939లో ఆ పన్ను మొదలుపెట్టాయి. దాంతో వాదనలు తలకిందులయ్యాయి. కేంద్రం పన్ను తప్పించుకోవాలంటే వచ్చిన డబ్బు వ్యవసాయ ఆదాయమని చెప్పాలి. రాష్ట్రం పన్ను తప్పాలంటే అది వ్యవసాయ ఆదాయం కానే కాదని చెప్పాలి. అప్పటిదాకా ఎవరికీ పట్టని సలామీకి ఒక్కసారిగా నిర్వచనం కావాల్సి వచ్చింది.

ఆ నిర్వచనం 1957లో, సింధురాణి చౌధురాణి కేసులో దొరికింది. రైతులకు భూమి ఇచ్చినప్పుడు ఆమెకు వచ్చిన సలామీ మీద అస్సాం ప్రభుత్వం పన్ను వేసింది. అది కౌలు కాదని సుప్రీంకోర్టు చెప్పింది. కౌలుదారీ మొదలు కాకముందే, ఒకే ఒక్కసారి, యజమాని తన హక్కులో కొంత వదులుకున్నందుకు ఇచ్చే ధర అది. కాబట్టి అది ఆస్తికి బదులుగా వచ్చిన సొమ్ము, ఆదాయం కాదు. పేరుకు సలామీ అయినా లోపల ముందస్తు కౌలే దాగి ఉందంటే, దాన్ని నిరూపించే భారం పన్ను శాఖదే. నా దృష్టిలో ఈ మొత్తం చరిత్రలో సామాన్యుడికి ఎక్కువ మేలు చేసింది ఈ చివరి మాటే.

మరి ఆ ధరను వాయిదాల్లో ఇస్తే? 1965 నాటి పాన్‌బరి టీ కంపెనీ కేసు ఈ చిక్కు విప్పింది. తేయాకు తోటను పదేళ్లకు కౌలుకిచ్చారు. ఏటా కౌలు 54,000 రూపాయలు. దానికి తోడు ప్రీమియం 2,25,000. అందులో 45,000 ముందు ఇచ్చి, మిగతాది 16 అర్ధ సంవత్సర వాయిదాల్లో కట్టాలని రాసుకున్నారు. వాయిదాల్లో వచ్చేది కౌలేనని శాఖ వాదించింది. ఎందుకు ఇచ్చారన్నదే ముఖ్యం, ఎన్నిసార్లు ఇచ్చారన్నది కాదంటూ కోర్టు ఆ వాదన తోసిపుచ్చింది. దస్తావేజులో కౌలు, ప్రీమియం విడివిడిగా రాసి ఉండటం అక్కడ కలిసొచ్చింది.

ఆదాయం కాదన్నంత మాత్రాన పన్ను తప్పిందని కాదు. 1947లో వచ్చి కొద్దికాలానికే పోయిన మూలధన లాభాల పన్ను 1957లో తిరిగొచ్చింది. సాగుభూమిని అప్పట్లో ఆ లెక్కలోకి తీసుకోలేదు. 1970లో పట్టణాల లోపలి, చుట్టుపక్కల పొలాలను చేర్చారు. 2013 నుంచి పట్టణ జనాభాను బట్టి 2, 6, 8 కిలోమీటర్ల హద్దులు పెట్టి, ఆ దూరాన్ని రోడ్డు వెంట కాక నేరుగా గాలిలో కొలవమన్నారు. రోడ్డు మీద పది కిలోమీటర్లున్న పల్లె గాలిలో ఏడే కావచ్చు. పెద్ద నగరాల అంచున ఉన్న రైతులు ఈ సంగతి తెలుసుకోవడం చాలా అవసరం.

భూమి వాడకం మారినప్పుడు కథ ఇంకో దారి పట్టింది. మద్రాసు హైకోర్టు నుంచి వెళ్లిన కృష్ణమూర్తి కేసులో బంకమట్టి తవ్వుకోవడానికి పదేళ్లకు భూమి ఇచ్చి 5 లక్షలు తీసుకున్నారు. ఆ లీజు కూడా ఆస్తి బదిలీయేననీ, దాని మీద మూలధన లాభం లెక్కకట్టాలనీ 1989లో సుప్రీంకోర్టు తేల్చింది.

రాజధాని అమరావతికి భూసమీకరణలో పొలాలిచ్చిన రైతుల కోసం 2017లో పార్లమెంటు ఈ మూలధన లాభాల పన్ను నుంచి ప్రత్యేక మినహాయింపే రాయాల్సి వచ్చింది. 2014 జూన్ 2 నాటికి యజమానులుగా ఉన్నవారికే అది వర్తిస్తుంది. తిరిగొచ్చిన ప్లాటును స్వాధీనం చేసుకున్న ఆర్థిక సంవత్సరం ముగిశాక రెండేళ్ల లోపు అమ్మితేనే పూర్తి మినహాయింపు.

ఇప్పుడు రాయలసీమ మెట్ట పొలాల్లో సోలార్ పలకలు లేస్తున్నాయి. అక్కడ సాగు ఆగిపోతుంది గనుక ఏటా వచ్చే అద్దె వ్యవసాయ ఆదాయం కాదు, దానికి పన్ను కట్టాల్సిందే. ఒకేసారి ఇచ్చే మొత్తం మాత్రం ముందస్తు అద్దెనా, హక్కు వదులుకున్నందుకు ధరా అన్నది దస్తావేజు చూసి తేల్చాలి. ఆ పత్రాన్ని తరచూ కంపెనీయే తయారుచేసి తెస్తుంది. సంతకం చేసే రైతు దాన్ని ముందే ఒక ఆడిటరుకు చూపించి, రెండు మొత్తాలనూ విడిగా రాయించుకోవాలి. 2026 ఏప్రిల్ 1 నుంచి అమలయ్యే కొత్త ఆదాయపు పన్ను చట్టంలోనూ వ్యవసాయ ఆదాయం నిర్వచనం దాదాపు పాత మాటల్లోనే ఉంది. కాబట్టి సోలార్ లీజు మీద రేపు తగాదా వచ్చినా, వకీలు ముందుగా తిరగేసేది సింధురాణి, పాన్‌బరి తీర్పులనే.