రేవులో తెరచాపల క్లబ్బు



ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని సంపాదకులు రెండు ఉత్తరాలు రాశారు, మూడుసార్లు ఫోను చేశారు. 1966 నుండి 2003 వరకు మద్రాసు రేవు ఇంజనీరింగు విభాగంలో గోడలు, కప్పులు, కాలువలు బాగుచేయించడమే నా ఉద్యోగం. కథలూ కవితలూ నాకు చేతకావు. అందుచేత, మన రేవులోనే ఉన్నా మనలో చాలామంది లోపలికి తొంగిచూడని ఒక సంస్థ గురించి రాస్తున్నాను. అది రాయల్ మద్రాస్ యాట్ క్లబ్.

ముందు రేవు సంగతి. మద్రాసుకు దేవుడిచ్చిన రేవు లేదు. ఓడలు నడిసముద్రంలో లంగరు వేసుకుంటే, మసూలా పడవలు అలలమీద ఊగుతూ వెళ్ళి మనుషులనూ మూటలనూ ఒడ్డుకు చేర్చేవి. ఆ పడవలకు మేకు ఉండదు. పలకలను కొబ్బరితాడుతో కుట్టేవారు. అల వచ్చి కొట్టినా పడవ వంగుతుంది కాని విరగదు. తాడు మాత్రం కుళ్ళుతుంది, మళ్ళీ మళ్ళీ కుట్టుకోవాలి. ఆ కుట్టడం వచ్చినవాళ్ళు ఒడ్డున లేకపోతే ఆ పడవ పనికిరాదు. ఈ మాట గుర్తుంచుకోండి.

1861లో ఇనుప స్తంభాల వంతెన సముద్రంలోకి కట్టారు. 1875 డిసెంబరులో వేల్స్ యువరాజు రేవుకు శంకుస్థాపన చేశాడు. కట్టలు కడుతూ ఉండగానే 1881 నవంబరు 12న తుఫాను వచ్చి వాటిని చిందరవందర చేసింది. తూర్పుముఖంగా పెట్టిన ద్వారంలోంచి కెరటాలు నేరుగా లోపలికి వచ్చేవి. దక్షిణం నుండి ఉత్తరానికి నడిచే ఇసుక మరో బెడద. మెరీనా బీచి అంత వెడల్పు కావడానికీ, రాయపురం ఒడ్డు కోసుకుపోవడానికీ ఆ ఇసుకే కారణం.

1904లో పోర్టు ట్రస్టు చైర్మనుగా సర్ ఫ్రాన్సిస్ స్ప్రింగ్ వచ్చారు. ఐర్లండు దేశీయుడు, రైల్వే ఇంజనీరు. నదుల ప్రవాహాన్ని కట్టలతో అదుపుచేసి వంతెనలను కాపాడడంమీద 1903లో గ్రంథం రాసినవాడు. తూర్పు ద్వారం మూయించి ఈశాన్యంగా కొత్తది తెరిపించింది ఆయనే. మన అకౌంట్సు విభాగం సోదరులు గర్వంగా చెప్పుకునే విషయం కూడా ఆయన కాలందే. 1912 మార్చిలో నెలకు 30 రూపాయల జీతంమీద శ్రీనివాస రామానుజన్ అక్కడ గుమాస్తాగా చేరారు. పైఅధికారి ఎస్. నారాయణ అయ్యర్ గారు ఆ గుమాస్తా లెక్కల గొప్పతనాన్ని గుర్తించి స్ప్రింగ్ గారికి చెప్పారు, స్ప్రింగ్ గారు పెద్దలకు చెప్పారు. (మా ఇంజనీరింగు విభాగంలో అలాంటివారెవరూ పుట్టలేదు. ఒప్పుకుంటాను.)

ఆ స్ప్రింగ్ గారే 1911లో రేవు లోపలి నిలకడ నీళ్ళలో ఈ యాట్ క్లబ్బును స్థాపించారు. రేవులోని స్ప్రింగ్ హేవెన్ పేరు కూడా ఆయనదే. బొంబాయి క్లబ్బు 1846 నాటిది. అన్నిటికంటె పాతది 1720లో ఐర్లండులోని కార్క్ రేవులో పుట్టిందని చెబుతారు. ఇటువంటి క్లబ్బులకు పెద్దను కమొడోర్ అంటారు, నౌకాదళంలో హోదాలాగ. కార్క్ వారైతే ఏకంగా అడ్మిరల్ అంటారు. పేరు అంత గొప్పగా ఉన్నా అది జీతంలేని కొలువు. ఎన్నుకుంటారు, గడువు తీరాక దిగిపోతాడు. గౌరవ కార్యదర్శి, గౌరవ కోశాధికారి, పడవల బాధ్యత చూసే సభ్యుడు, అందరూ అంతే. జీతం తీసుకునేది లస్కర్లు, కాపలాదారులు మాత్రమే.

ఇది నాకు పుస్తకంలో చదివి తెలిసింది కాదు. 1974లో ఒక ఆదివారం, పడవలు దించే వాలుకట్ట దగ్గర కొలతలకు నన్ను పంపారు. కమొడోర్ గారి సంతకం కావాలి. తెల్లటి యూనిఫారం, బంగారు పట్టీలు ఊహించుకుని వెళ్ళాను. బోర్లించిన పడవకింద నిక్కరు వేసుకున్న ఒకాయన గరుకు కాగితంతో చెక్కను రుద్దుతున్నాడు. ఒళ్ళంతా పాత రంగు పొడి. "కమొడోర్ గారు ఎక్కడయ్యా?" అని ఆయననే అడిగాను. పక్కనున్న లస్కరు నవ్వు ఆపుకోలేక "ఆయనే సార్" అన్నాడు. ఆయన చేయి తుడుచుకుని సంతకం పెట్టి, "ఇంజనీరు గారూ, పది నిమిషాలుంటే ఆ చివర పట్టుకోండి, తిప్పాలి" అన్నారు. పట్టుకున్నాను. గంటన్నర పట్టింది.

ఆ గంటన్నరలో చాలా నేర్చుకున్నాను. ఉప్పునీటికి సెలవు లేదు. నీళ్ళలో ఉన్న పడవ అడుగున గుల్లలు పడతాయి, చెక్కనైతే నావపురుగు తొలుస్తుంది. కాబట్టి పైకి లాగి గీకాలి, ఆరబెట్టాలి, గుల్లలు పట్టని రంగు పూయాలి. తిరిగివచ్చిన ప్రతిసారీ పడవనూ కప్పీలనూ మంచినీళ్ళతో కడగాలి. తెరచాప తడిగా మడిస్తే బూజు, ఎండలో వదిలేస్తే చివుకు. ఫైబర్ గ్లాసు పడవలు వచ్చాక చెక్క బాధ తగ్గింది కాని వాలుకట్టమీది నాచు, ఇనుముకు తుప్పు తగ్గలేదు. "జీతగాళ్ళు ఉన్నారు కదా, మీరెందుకు?" అన్నాను. "నేను గీకితే తక్కినవాళ్ళు కూర్చోలేరు" అన్నారాయన.

తెరచాప పందాలు మనకు ఎప్పుడూ పెద్దగా పట్టలేదు. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో సోలీ కాంట్రాక్టర్, ఎ. ఎ. బాసిత్ మనదేశం తరఫున పాల్గొన్నారు. 1982 ఆసియా క్రీడల్లో ఫరోఖ్ తారాపూర్, జరీర్ కరంజియాలకు బంగారు పతకం వచ్చింది. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌కు ఈ పోటీలకు వెళ్ళిన మన నలుగురిలో నేత్రా కుమనన్, గణపతి, వరుణ్ థక్కర్ ముగ్గురూ చెన్నైవాళ్ళే. టీవీలో చూస్తూ నేను గెలుపోటముల కంటె, చిన్నప్పుడు వాళ్ళెక్కిన పడవలను ఏ ఆదివారాలు ఎవరెవరు కడిగిపెట్టి ఉంటారా అని ఆలోచించాను. మా మనవరాలు నవ్వింది.

ఇక ఇదంతా ఎందుకు రాశానో చెబుతాను. మన సంఘం గది కప్పు 2005 వానల్లో కారడం మొదలైంది. అప్పుడు నేను కార్యవర్గ సభ్యుణ్ణి, పైగా కప్పులు బాగుచేయించిన ఇంజనీరును. నేను చేసిందేమిటి? ఎస్టిమేటు రాశాను. మూడు కొటేషన్లు తెప్పించమన్నాను. తీర్మానం పెట్టాను. రెండు వానాకాలాలు గడిచాయి. రెండో ఏడు బీరువావైపు గోడ తడిసి, ఒక సోదరుడి భార్య మనకు అప్పగించిన కాగితాలు ముద్దయిపోయాయి. ఆమెకు ఫ్యామిలీ పెన్షను బకాయి తేలడానికి పదకొండు నెలలు పట్టింది. ఆ పదకొండు నెలలూ ఆమె ఒక్క మాట అనలేదు. "అన్నయ్యగారూ, మీ చేతిలో ఏముంది" అనేది. నా చేతిలోనే ఉంది. గంట పని, ఒక డబ్బా తారు. 1974లో గంటన్నర పడవ పట్టుకున్నవాణ్ణి, సొంత గది మెట్లెక్కలేదు.

ఇప్పుడు కార్యదర్శి గారు ఆరోగ్యం బాగాలేదని తప్పుకుంటామంటున్నారు. సర్వసభ్య సమావేశం దగ్గరకొచ్చినా ఆ పదవికి ఇంతవరకు ఒక్క పేరూ రాలేదు. ఎనభై దాటిన నేను ఆ భారం మోయలేను. కాని గది బాగోగులు చూసే బాధ్యతకు నా పేరు ఇచ్చాను. పైకి ఎక్కనివ్వరు, మా అబ్బాయి ఒట్టు పెట్టించుకున్నాడు. కింద నిలబడి నిచ్చెన పట్టుకుంటాను. అక్టోబరు వానలకు ముందు, సెప్టెంబరు చివరి ఆదివారం ఉదయం ఏడు గంటలకు. తారు తెచ్చిపెట్టాను. బ్రష్షులు రెండే ఉన్నాయి, వచ్చేవాళ్ళు ఇంకొకటి తెచ్చుకోండి.