చిన్న రేడియోల వలసచరిత్ర

రేడియో తరంగములకు కంటికి కనబడు గట్లు లేవు. ఒక కేంద్రమునకు 101.5 మెగాహెర్ట్జ్ అని స్థానము కేటాయించినంతమాత్రమున దాని ధ్వని ఆ సంఖ్యయొద్దనే నిలిచిపోదు; ఇరుప్రక్కలకును కొంత ఒలికి, పొరుగు కేంద్రపు పాటలో తన మాటను కలుపును. ఈ సాంకర్యమును నివారింపవలయునను ధర్మబద్ధమైన సంకల్పముతోనే ప్రభుత్వములు కేంద్రములను ఒకచోటినుండి మరియొకచోటికి తరలించుచు వచ్చినవి. అమెరికా సంయుక్తరాష్ట్రములలో ఈ తరలింపుల చరిత్ర సుమారు నూరేండ్లది. దానిని ఆసాంతము పరికించినవారికి తేటపడు సంగతి యొకటి కలదు: అంతరాయము కలిగినదని ఫిర్యాదు వచ్చినప్పుడెల్ల, ఆ అంతరాయము నిజమైనను ఊహామాత్రమైనను, మూటముల్లె సర్దుకొని లేచిపోవలసినవాడు తరచుగా తక్కువ శక్తి గలవాడే. జాతరలో వీధినాటకమువారి మద్దెల మ్రోగగానే, అంతకుముందే జనమును కూడగట్టుకొన్న బుర్రకథకుడు తంబురా చంకనిడుకొని వేరొక చెట్టుక్రిందికి పోవలసివచ్చునే గాని, మద్దెలవాడు ఎన్నడైన కదలినాడా?

1926వ సంవత్సరమున షికాగోలోని జెనిత్ సంస్థ తన డబ్ల్యూజేఏజెడ్ కేంద్రమును, కెనడాకు విడిచిపెట్టబడిన తరంగముమీదికి, ఎవరి యనుమతియు లేకయే మార్చుకొనెను. ప్రభుత్వము వ్యాజ్యము వేయగా, కేంద్రములు ఏ తరంగముపై ఉండవలెనో శాసించు అధికారము వాణిజ్యశాఖకు చట్టములో ఎచ్చటను లేదని న్యాయస్థానము తీర్పు చెప్పెను. అప్పటి వాణిజ్యమంత్రి పిమ్మట దేశాధ్యక్షుడైన హెర్బర్ట్ హూవరే. ఆ తీర్పుతో కట్టుబాట్లు తెగి, ఇచ్చవచ్చిన కేంద్రము ఇచ్చవచ్చినచోట ఇచ్చవచ్చినంత శక్తితో ప్రసారము సాగింపగా, శ్రోతలకు ఈలలును గరగరలును తప్ప మరేమియు వినబడని దుస్థితి ఏర్పడెను. 1927లో రేడియో చట్టమును, దానితో ఫెడరల్ రేడియో కమిషనును వచ్చెను. ఆ కమిషను వెలువరించి 1928 నవంబరు 11 నుండి అమలుపరచిన 40వ సాధారణోత్తర్వు, ఉన్న 96 తరంగస్థానములలో నలువదింటిని మహాశక్తి గల కేంద్రములకు నిరాటంకముగ కట్టబెట్టి, 100 వాట్లకు మించని ఊరి కేంద్రములను ఆరంటే ఆరు స్థానములలోనికి నెట్టెను. విశ్వవిద్యాలయములు నడుపుచున్న కేంద్రములనేకములు తమ స్థానమును వర్తకులతో గంటలవంతున పంచుకొనవలసివచ్చి, సాయంకాలపు గంటలను పోగొట్టుకొని, క్రమముగ క్షీణించెను. వ్యవసాయశాస్త్రపు అధ్యాపకుడు మిట్టమధ్యాహ్నము ఉపన్యసించినచో పొలములోనున్న రైతు ఎట్లు వినగలడు?

1941 మార్చి 29న ఉత్తర అమెరికా దేశముల ఒడంబడిక ననుసరించి దాదాపు 800 కేంద్రములు ఒక్క రాత్రిలో స్థానములు మార్చుకొన్నవి. అది పెద్దలును చిన్నలును కలసి చేసిన ప్రయాణమగుటచే ఎవరును అంతగా నొచ్చుకొనలేదు. నొప్పించిన ప్రయాణము మరి నాలుగేండ్లకు వచ్చినది.

ఎడ్విన్ ఆర్మ్‌స్ట్రాంగ్ అను ప్రజ్ఞాశాలి, తరంగపు బలమును గాక దాని పౌనఃపున్యమును మార్చుచు ధ్వనిని మోయించు ఎఫ్.ఎం. పద్ధతికి 1933లో పేటెంటు పొందెను. ఉరుము ఉరిమినను మెరుపు మెరిసినను ఈ పద్ధతిలో గరగర యుండదు. సంగీతము గదిలో కూర్చుండి వినినంత స్వచ్ఛముగ వచ్చును. న్యూజెర్సీలోని ఆల్పైన్ వద్ద ఆయన స్వధనముతో మహాస్తంభము నెత్తించెను. 1940లో ప్రభుత్వము 42 మొదలు 50 మెగాహెర్ట్జ్ వరకుగల పట్టీని ఎఫ్.ఎం.కు కేటాయింపగా, యుద్ధము వచ్చి పడినను, సుమారు నాలుగు లక్షల రేడియోపెట్టెలు జనుల ఇండ్లకు చేరినవి. అంతలో, సూర్యునిపై మచ్చలు పెరిగిన కాలమున ఆ పట్టీలోని తరంగములు పైవాతావరణమున తగిలి తిరిగివచ్చి దూరపు కేంద్రములను పాడుచేయునని కెన్నెత్ నార్టన్ అను ఇంజనీరు లెక్కలు కట్టి చూపెను. ఆర్మ్‌స్ట్రాంగ్ ఆ లెక్క తప్పని మొత్తుకొన్నను వినక, 1945 జూన్ 27న, పూర్వపు రేడియో కమిషను స్థానమున వచ్చిన ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషను ఎఫ్.ఎం. నంతయు నేడున్న 88 మెగాహెర్ట్జ్‌కు పైనున్న పట్టీకి తరలించెను. కొన్న పెట్టెలన్నియు కాలక్రమమున మూగవైనవి. విచిత్రమేమన, అంతరాయభూయిష్టమని ఎఫ్.ఎం.కు పనికిరానిదిగ నిర్ణయింపబడిన ఆ పాతచోటిలోనే ఒక భాగమును, అంతరాయమును ఎఫ్.ఎం. కన్న ఎంతో తక్కువగ సహింపగల టెలివిజనుకు ఒసగిరి! నార్టన్ తన అంచనా సరికాదని పిమ్మటి విచారణలో ఒప్పుకొనెను గాని, అప్పటికే ఎవరి పెట్టుబడులు వారివైనవి. పేటెంటు వ్యాజ్యములతోడను ఈ దెబ్బతోడను కృశించిన ఆర్మ్‌స్ట్రాంగ్ 1954 జనవరి 31న ప్రాణము తీసికొనెను. అంతరాయమను పేరుతో జరిగిన వలసలలో ఇంతటి నష్టము కలిగించినది మరియొకటి నాకు గోచరింపదు.

అయినను ఆ వలసలోనే చిన్నవారికొక మేలు దాగియుండెను. క్రొత్త పట్టీలో 88 నుండి 92 వరకు గల భాగము విద్యాసంస్థల కొరకు ప్రత్యేకింపబడినది. అచ్చట స్థానములు ఖాళీగ పడియుండుట చూచి, 1948లో 10 వాట్ల కేంద్రములకు అనుమతి నొసగిరి. పది వాట్లనగా బడిపిల్లల గదిలో వెలుగు చిన్న దీపమునకు చాలునంత విద్యుత్తు. అది ఎత్తైన స్తంభము నెక్కినచో రెండు మూడు మైళ్లు పలుకును. కళాశాలలు, ఉన్నత పాఠశాలలు ఈ చౌకబేరమును సంతోషముతో అందుకొని, ముప్పది ఏండ్లపాటు విద్యార్థులచేతనే వార్తలు చదివించి, పాటలు వేయించినవి. కాని పెద్ద ప్రజాప్రసార కేంద్రములకు స్థలము చాలదను వాదము బయలుదేరగా, 1978లో కమిషను ఈ పది వాట్లవారిని 100 వాట్లకైన పెరుగుడు, లేదా తరలిపొండు అని ఆజ్ఞాపించెను. తరలుటకు చూపిన చోట్లలో 87.9 ఒకటి, అది ఆరవ టెలివిజను చానలు సరిహద్దున నుండుటచే దానిని స్వీకరింపగలిగినవారిని వ్రేళ్లమీద లెక్కింపవచ్చును. పెరుగలేక, పోలేక మిగిలినవారు ద్వితీయశ్రేణివారైరి. పెద్దవాడు వచ్చి అడిగిననాడు అడ్డు చెప్పు హక్కు ద్వితీయశ్రేణివానికి లేదు.

చట్టము మూసిన తలుపును సాహసికులు చట్టమునకు వెలుపలనుండి తట్టిరి. 1987లో ఇల్లినాయ్ రాష్ట్రపు స్ప్రింగ్‌ఫీల్డు నగరములో, జాన్ హే హోమ్స్ అను పేదల గృహసముదాయమునందు, అంధుడైన ఎంబానా కంటాకో ఒక్క వాటు యంత్రముతో తన వాడవారికొరకు రేడియో నడుపనారంభించెను. జరిమానా విధించినను ఆయన ఆపలేదు. 1993లో కాలిఫోర్నియాలోని బర్కిలీలో స్టీఫెన్ డనిఫర్ యంత్రమును వీపుసంచిలో పెట్టుకొని, అధికారులకు చిక్కకుండ కొండలెక్కి ప్రసారము చేసెను. 1995లో న్యాయాధీశురాలు క్లాడియా విల్కిన్ ఆయనను వెంటనే ఆపించుటకు నిరాకరించి, 1998లో గాని శాశ్వత నిషేధము విధింపలేదు. ఆ మూడేండ్ల వ్యవధిలో దేశమంతట ఇట్టి కేంద్రములు పుట్టగొడుగులై మొలచెను.

వీరిని అణచుటకంటె చట్టములోనికి రప్పించుటయే మేలని తలచినవాడు అప్పటి కమిషను అధ్యక్షుడైన విలియం కెన్నార్డ్. 2000 జనవరి 20న కమిషను 100 వాట్లకు మించని, మూడున్నర మైళ్ల వ్యాప్తి గల, లాభాపేక్షలేని అల్పశక్తి ఎఫ్.ఎం. కేంద్రములకు తలుపు తెరచెను. ఇచ్చట కొంత లెక్క చెప్పక తప్పదు. అమెరికాలో ఎఫ్.ఎం. స్థానములు 0.2 మెగాహెర్ట్జ్ ఎడముతో నుండును, 101.5కు 101.7 మొదటి పొరుగు, 101.9 రెండవది, 102.1 మూడవది. ఒక ఊరిలో 101.5 యున్నచో ఈ మూడు పొరుగులును ఖాళీగ నుండవలెనను నియమము, రేడియోపెట్టెలు మొరటుగ నుండిన పాతకాలపుది. చిన్న కేంద్రములకు మూడవ పొరుగును విడిచిపెట్టినచో నగరములలో కొంత చోటు దొరకునని కమిషను ఇంజనీర్లు తేల్చిరి. ప్రసారకర్తల జాతీయ సంఘమును, ప్రజల పేరు పెట్టుకొన్న నేషనల్ పబ్లిక్ రేడియో సైతము, దీనిని కూడదని పట్టుపట్టెను. ఆ సంఘమువారు చట్టసభ్యులకు ఒక డిస్కు పంచి, చిన్న కేంద్రములు వచ్చినచో మీ ఊరి రేడియో ఇట్లు వినబడునని, ఒకదానిపై నొకటి పడి కలగాపులగమైన మాటలను వినిపించిరి. అది వాస్తవమును ప్రతిబింబింపదని కమిషను ఇంజనీర్లు బహిరంగముగ ఖండించినను ఫలితము లేకపోయెను; ఆ సంవత్సరాంతమున కాంగ్రెసు, వ్యయానుమతి బిల్లు తోకకు కట్టిన యొక చట్టముతో మూడవ పొరుగును తిరిగి మూసి, స్వతంత్ర పరీక్ష జరిపింపుడనెను. ఇరువది లక్షల డాలర్లకు పైగా వెచ్చించి మైటర్ సంస్థ పరీక్షించి, ప్రసారస్తంభమునకు అతిసమీపమున తప్ప చెప్పుకొనదగిన అంతరాయమేమియు లేదని 2003లో నివేదించెను. చెవికి వినబడని ఆ గరగరను చట్టమునుండి తొలగించుటకు మరి ఏడేండ్లు పట్టినది. 2011 జనవరి 4న అధ్యక్షుడు ఒబామా స్థానిక సామాజిక రేడియో చట్టముపై సంతకము చేసెను. పిమ్మట 2013లో దరఖాస్తులు కోరగా 2,800కు పైగా వచ్చెను.

ఈ నడుమ, మొదటి దఫాలో అనుమతి పొందినవారి కథ వేరు. అల్పశక్తివాడు పుట్టుకతోనే ద్వితీయశ్రేణివాడగుటచే, దూరపు పల్లెకు అనుమతి పొందిన పెద్ద కేంద్రము జనసమృద్ధమైన పట్టణమువైపు జరిగినపుడెల్ల, దారిలోనున్న చిన్నవానికి ముప్పే. కాలిఫోర్నియాలో డేవిస్ అను విశ్వవిద్యాలయ పట్టణమున 2004లో 101.5పై ఆరంభమైన కేడీఆర్‌టీకి ఇదియే సంభవించినది. అదే సంఖ్యపైనున్న పెద్ద కేంద్రమొకటి చేరువకు తరలిరానుండగా, స్వచ్ఛందసేవకులు నడుపు ఆ చిన్న రేడియో చోటు వెదకికొని తుదకు 95.7కు చేరెను. మామూలు నియమముల ప్రకారము చిన్న కేంద్రము ఇటుమూడు అటుమూడు స్థానములలోనో, గ్రాహకయంత్రములలోపలి 10.7 మెగాహెర్ట్జ్ ఏర్పాటునుబట్టి 10.6 లేక 10.8 దూరముననో మాత్రమే మారవచ్చును. స్థానభ్రష్టులైనవారికి మాత్రము ఎచ్చట ఖాళీయున్న నచ్చటికి పోవుటకు సడలింపు కలదు.

పోవుటయనగా సంఖ్య మార్చి వ్రాయుట కాదు. 101.5 తరంగపు అర్ధభాగము సుమారు 148 సెంటీమీటర్లు, 95.7కది 157. కావున కేవలము ఒక మీట త్రిప్పి ఊరకుండుటకు వీలులేదు: స్తంభమెక్కి ఏంటెనా కడ్డీల పొడవు సరిచూడవలెను, ట్రాన్స్‌మిటరును క్రొత్త సంఖ్యకు శ్రుతిచేయవలెను, వడపోత పెట్టె యున్నచో దానిని మరల అమర్చవలెను, ఈ మార్పువలన మరెవరికి బాధ కలుగునో ఇంజనీరుచే లెక్క కట్టించి పత్రములు సమర్పింపవలెను. అటుపిమ్మట కరపత్రములు, కారు అద్దముల చీటీలు, తలుపుపై అక్షరములు. వీనికన్నిటికిని డబ్బు చందాలవలన రావలసినదే. తుదకు, వంటయింటి రేడియోను ఎన్నేండ్లుగనో ఒక్కచోటనే త్రిప్పియుంచిన ముసలమ్మకు ఈ వార్త ఎవరు చెప్పుదురు? పాత స్థానమున పెద్దవాని ప్రకటనలు వినబడుచుండగా, ఆమె రేడియో పోయినదనుకొనును గాని మారినదనుకొనదు.

ఇట్టి కేంద్రము ఎందుకని యడుగువారు మిసిసిపీ తీరపు బే సెయింట్ లూయీ కేసి చూడవలెను. 2005లో కట్రీనా పెనుతుపాను వచ్చినపుడు ఆ తీరమున మూగవోకుండ నిలిచిన కొద్ది కేంద్రములలో 103.5పై పలుకు డబ్ల్యూక్యూఆర్‌జెడ్ అను 100 వాట్ల రేడియో ఒకటి. నీరెచ్చట దొరకునో, ఆహారమెచ్చట పంచుచున్నారో ఆ జిల్లావాసులకు చెప్పినది అదియే.

మన దేశము ఈ చిక్కును వేరొక తీరున పరిష్కరింపజూచెను. తరంగములు ప్రజల సొత్తని 1995 ఫిబ్రవరి 9న సుప్రీంకోర్టు తీర్పు చెప్పినను, ప్రభుత్వము 2002లో గాని విద్యాసంస్థలకును, 2006లో గాని స్వచ్ఛందసంస్థలకును అనుమతి నొసగలేదు. జహీరాబాదు ప్రాంతమున డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీవారి మహిళా సంఘములు, యునెస్కో సాయముతో మాచునూరులో స్టూడియో కట్టుకొని, లైసెన్సు లేని ఆ ఏండ్లలో విత్తనములు, జొన్నరొట్టెలు, పండుగపాటల ముచ్చట్లను కాసెట్లపై పట్టి, ఊరూర సంఘపు కూటములలో వినిపించుచుండెను. 2008 అక్టోబరు 15న ఆ సంఘం రేడియో 90.4పై పలికెను, మొదట సాయంకాలము ఏడునుండి తొమ్మిదివరకు, అనగా పొలమునుండి ఇల్లు చేరిన వేళకే. నలువదవ సాధారణోత్తర్వు వంటిది లేని మన దేశమున, ఆ అమెరికా అధ్యాపకునకు పట్టని భాగ్యము ఈ సంఘముల దళిత స్త్రీలకు పట్టినదని సంతసింపవచ్చును.

ఇచ్చట గమనింపదగినది ఆ సంఖ్య. చెన్నైలో 2004 ఫిబ్రవరి 1న ఆరంభమైన అన్నా విశ్వవిద్యాలయపు రేడియోకును, హైదరాబాదు విశ్వవిద్యాలయపు బోల్ హైదరాబాదుకును అదే 90.4. చిన్నవారిని పెద్దవారి సందులలో ఇరికించుటకు బదులు, వారికని కొన్ని సంఖ్యలు వేరుపరచి, దూరదూరముగ నున్న ఊళ్లలో ఒకే సంఖ్యను మరల మరల వాడుకొను పద్ధతి యిది. 100 వాట్ల వ్యాప్తి సాధారణముగ ఐదు పది కిలోమీటర్లకు మించదు గనుక జహీరాబాదు ధ్వని హైదరాబాదును తాకదు. అయితే ఒకే నగరమున రెండవ రేడియో పుట్టిననాడు ఈ పొదుపు చాలదు. అందువలననే 90.8, 91.2 అని ప్రక్కస్థానములను, 107.8 అని పట్టీ చివరిచోటును వెదకవలసివచ్చినది, చెన్నైలోనే ఎం.ఓ.పి. వైష్ణవ కళాశాల రేడియో 107.8పై పలుకుచున్నది.