పరిశోధక ధర్మము

విద్యార్థికి శాస్త్రము నేర్పుట యెంత యావశ్యకమో, ఆ శాస్త్రమును సాధించుటలో పరులయెడ నెట్లు నడువవలయునో నేర్పుటయు నంత యావశ్యకము. మొదటి పని మన విశ్వవిద్యాలయములలో చిరకాలముగ జరుగుచున్నది. రెండవది నిన్న మొన్న మొదలైనది. పి.హెచ్.డి. పట్టమునకు పరిశోధనచేయు విద్యార్థులెల్లరును పరిశోధన, ప్రచురణముల నీతిని గూర్చి 30 గంటల పాఠమును విని తీరవలయునని యూ.జీ.సీ. 2019లో నిర్ణయించినది. ఈ నియమ మేల కావలసివచ్చెనో, ఆ 30 గంటలలో నేమి చెప్పవలయునో తెలియుటకు దూరదేశముల చరిత్ర చాలదు. మాదాపూరు చుట్టుపట్లను, మన జిల్లాలలోను జరిగినదానిని ముందుగ చూడవలసియున్నది.

మాదాపూరునకు కొలదిదూరమున బేగంపేట యున్నది. 1897వ సంవత్సరము ఆగష్టు నెలలో రోనాల్డు రాసు అను సైనికవైద్యుడు అచ్చట హుసేన్ ఖాన్ అను జ్వరరోగిని దోమలచే కుట్టించెను. కుట్టిన దోమ యొక్కింటికి ఒక్కొక్క అణా చొప్పున వానికి ముట్టజెప్పెను. ఆ నెల 20వ తేదీన దోమ పొట్టను చీల్చి పరీక్షించి, అందు మలేరియాక్రిమి పెరుగుచుండుటను కనుగొనెను. 1902లో నాతనికి నోబెలు బహుమానము వచ్చినది. ఈ పరిశోధనమువలన లోకమునకు కలిగిన మేలు కొలవరానిది. హుసేన్ ఖాన్‌కు జ్వరము ముందే యుండెను గావున వానికి దీనివలన క్రొత్తకీడు కలిగెననియు చెప్పజాలము. కాని వాని సమ్మతి యెట్టిదని యడుగువారు నాడు లేరు. అణా పుచ్చుకొన్నవాడు ఒప్పుకొన్నవాడే యని యెంచు కాలమది.

ఆ యెన్నిక లోకమున ననేకానర్థములకు దారితీసినది. అమెరికాలోని టస్కీగీ ప్రాంతమున 1932 మొదలు 1972 వఱకు సవాయిరోగపీడితులైన సుమారు 400 మంది నల్లజాతి పురుషులకు, తగిన మందు దొరకిన పిమ్మట గూడ నీయక, రోగ మెట్లు ముదురునో ప్రభుత్వవైద్యులు చూచుచుండిరి. నాజీవైద్యుల దురంతములను విచారించిన నూరెంబర్గు న్యాయస్థానము 1947లో పరీక్షకు లోనగు మనుష్యుని స్వేచ్ఛాసమ్మతియే ప్రథమావశ్యకమని సూత్రీకరించెను. 1964లో హెల్సింకీ ప్రకటనము వచ్చెను. మన దేశమున భారతీయ వైద్యపరిశోధనమండలి 1980లో తొలి నీతిప్రకటనమును వెలువరించి, 2000, 2006, 2017 సంవత్సరములలో దానిని విస్తరించినది. సూత్రములకు కొదువలేదు. అవి యుండగనే యేమి జరిగెనో చూతము.

2009 జూలైలో నాటి ఖమ్మము జిల్లాలోని భద్రాచలము, కొత్తగూడెము, తిరుమలాయపాలెము మండలములలో 10 మొదలు 14 ఏండ్ల వయస్సుగల సుమారు 14,000 మంది బాలికలకు గర్భాశయముఖపు కాన్సరును నివారించు టీకా వేయ నారంభించిరి. పాత్ అను అమెరికాసంస్థయు, వైద్యపరిశోధనమండలియు, రాష్ట్రప్రభుత్వమును కలసి పూనుకొన్న కార్యమిది. బాలికలలో పెక్కుమంది వసతిగృహములలో చదువుకొను గిరిజనుల బిడ్డలు. కొందరు బాలికలు మరణింపగా 2010 ఏప్రిలులో కార్యక్రమము నిలిపివేయబడెను. ఆ మరణములకు టీకా కారణమని విచారణలో తేలలేదు. ఈ టీకా నేడు పెక్కుదేశములలో స్త్రీలను కాపాడుచున్నది. దోషము మందులో లేదు, అడుగుటలో నున్నది. విచారణలో చూడబడిన 9,543 సమ్మతిపత్రములలో 1,948 వ్రేలిముద్రలతో నుండెను. 2,763 పత్రములపై సంతకము చేసినవారు తల్లిదండ్రులు గారు, వసతిగృహాధికారులు. 2013 ఆగష్టులో పార్లమెంటు స్థాయీసంఘము ఈ విషయమును కఠినముగ నాక్షేపించెను. అడుగనిదే అమ్మయైనను పెట్టదని మన సామెత. ఇచ్చట అమ్మనే యడుగక బిడ్డ చేతికి సూది గ్రుచ్చిరి. మంచిమందుపై ప్రజలకు సంశయము కలుగుటయే దీని ఫలము. సమ్మతి నడుగుట శాస్త్రమునకు అడ్డమనువారు ఈ సంగతిని తలపోయవలయును.

మఱి రెండేండ్లకే, 2011లో, గుంటూరుమండలమునందలి పిడుగురాళ్లనుండి బీదస్త్రీలను మియాపూరులోని యొక సంస్థకు మందుల పరీక్షకై తీసికొనిపోయిన వార్త వెలువడెను. తమ శరీరములలోనికి పోయిన మందేదో, సంతకము పెట్టిన కాగితములో నేమున్నదో తమకు తెలియదని వారిలో కొందరు మొఱపెట్టుకొనిరి. కేంద్ర ఔషధనియంత్రణాధికారి యా సంస్థ యనుమతిని అప్పటికి నిలిపివేసెను. బేగంపేటలో అణాలు, మియాపూరులో వేలరూపాయలు: నూటపదునాలుగేండ్లలో వెల మారినది గాని, వెల యిచ్చినచో నడుగనక్కఱలేదను బుద్ధి మారలేదు.

పరిశోధనలో నసత్యము మఱియొక విధమైన ద్రోహము. తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయమునందలి యొక రసాయనశాస్త్రాచార్యుడు ప్రకటించిన సుమారు 70 వ్యాసములు పరుల రచనలనుండి యపహరింపబడినవో, కల్పింపబడినవో యని 2008లో బయల్పడెను. దేశమున నిట్టివి పెక్కులు బయల్పడగా, 2018లో యూ.జీ.సీ. గ్రంథచౌర్యమును నిరోధింప నిబంధనలు చేసెను. పరుల రచనతో పోలిక నూటికి 10 వఱకు క్షమ్యము; 40 దాటినచో నొక యేడు మరల సమర్పింపరాదు; 60 దాటినచో పరిశోధకుని పేరే కొట్టివేయబడును.

ఈ లెక్క యవసరమే. కాని దీనివలన నొక యపాయము గలదు. నీతి యనగా యంత్రము చూపు నంకెను 10కి దిగువ నుంచుటయే యని విద్యార్థి తలచును. 30 గంటల పాఠములో నాఱు భాగములుండగా, ప్రయోగభాగములు మూడును ప్రచురణకును, ప్రచురిత వ్యాసముల గణనకును సంబంధించినవే. భద్రాచలపు తల్లికి ఆ మూటిలో చోటు లేదు.

కంప్యూటరు ముందు కూర్చుండు విద్యార్థికి భద్రాచలపు సంగతి యేల యని కొందరడుగవచ్చును. 1998లో సైబర్ టవర్సు తెఱవబడినప్పటినుండి మాదాపూరు లోకుల లెక్కలను, వ్రాతలను, వ్యాధివివరములను పోగుచేసి పరిశీలించు స్థానమైనది. దాని చెంతనే గచ్చిబౌలిలో విశ్వవిద్యాలయమును, సమాచారసాంకేతిక విద్యాసంస్థయు నున్నవి. నేటి విద్యార్థి సూది పట్టడు. కాని వేలమంది బ్రదుకుల వివరములు వాని చేతిక్రిందికి వచ్చును. 2023 నాటి వ్యక్తిగత సమాచార రక్షణచట్టము సయితము, ఒకానొక వ్యక్తినిగూర్చి నిర్ణయము చేయనిచో, నిర్ణీతప్రమాణములకు లోబడిన పరిశోధనకు మినహాయింపు నిచ్చినది. చట్టము వదలినచోట పరిశోధకుని మనస్సాక్షియొక్కటే కావలి. ఆ మనస్సాక్షికి శిక్షణము లేనిచో కావలి లేనట్లే.

కావున మా మనవి యిది. ఆ 30 గంటలలో కొన్నిటిని మన చరిత్రకు కేటాయింపవలయును. విద్యార్థి తన సమ్మతిపత్రమును తెలుగున తానే వ్రాసి, చదువురాని యొక పెద్దకు వినిపించి, ఆమె దానిని తన మాటలలో తిరుగ చెప్పువఱకు వివరింపవలయును. ఆమె వలదన్నచో, మాఱుమాటాడక నమస్కరించి రానేర్వవలయును. పరిశోధకులైన బిడ్డలుగల గృహస్థులును వారిని ఎన్ని వ్యాసములు ప్రకటించితివని మాత్రమే యడుగక, ఎవరి నడిగి యీ వివరములు తెచ్చితివని కూడ నడుగుట మంచిది. ఇంట నడుగబడిన ప్రశ్నకు జవాబు చెప్పుట కలవాటుపడినవాడు బయట సంతకము లేని కాగితమును ముట్టుటకు జంకును. విశ్వవిద్యాలయమును, గృహమును నీ విషయమున నేకమగుగాక.