సేంద్రియం

ఈమధ్య ఒక కొట్లో ఉప్పు పొట్లం మీద 'సేంద్రీయ' అని చూశాను. దీర్ఘం తప్పు. మాటా తప్పే: సోడియం, క్లోరిన్ కలిసిన ఉప్పుకు జీవంతోనూ కర్బనంతోనూ సంబంధం లేదు. 'స', 'ఇంద్రియ' గుణసంధితో కలిస్తే 'సేంద్రియ', అంటే ఇంద్రియాలు కలది. ఇంద్రియాన్ని పాణిని ఇంద్రశబ్దంతో ముడిపెట్టాడు. చరక సంహితలో సేంద్రియ ద్రవ్యం చేతనం, నిరింద్రియం అచేతనం. జితేంద్రియుడు, అతీంద్రియం దీని చుట్టాలే. పనిముట్టు అనే అర్థమున్న గ్రీకు 'ఆర్గనాన్' నుంచి వచ్చిన 'ఆర్గానిక్'కు మనవాళ్లు ఈ పాత మాటనే చక్కగా అమర్చారు. జీవుల్లోని పదార్థాలు జీవశక్తి లేనిదే తయారుకావని ఐరోపా రసాయనవేత్తలు చాలామంది నమ్మే రోజుల్లో, 1828లో, జర్మనీకి చెందిన ఫ్రెడరిక్ వోలర్ మూత్రంలో ఉండే యూరియాను అమోనియం సయనేట్ నుంచి రాబట్టాడు. మూత్రపిండంతో పనే పడలేదు! క్రమంగా సేంద్రియానికి గుర్తు జీవం కాక కర్బనమైంది. మన పాఠ్యపుస్తకాలు 'కర్బన రసాయన శాస్త్రం' అంటున్నాయి. ఒక కర్బనం, ఒక ఆక్సిజన్, రెండు నైట్రోజన్, నాలుగు హైడ్రోజన్ పరమాణువులున్న యూరియా ఆ లెక్కన అచ్చమైన సేంద్రియం. సేంద్రియ సేద్యంలోనేమో రైతు ముందుగా మానేసేది ఆ యూరియా బస్తానే. నాకు రెండు వాడుకలూ సమ్మతమే. ప్రయోగశాల అణువు నిర్మాణాన్ని చూస్తుంది, పొలం ఎరువు పుట్టుకను చూస్తుంది. భూసార పరీక్ష పత్రంలో రెండు మాటలూ పక్కపక్కన 'సేంద్రియ కర్బనం'గా కనిపిస్తాయి: పేడ, పచ్చిరొట్ట, వేళ్లు కుళ్లి మట్టిలో నిలిచిన కర్బనం అది.