సూత్రానికీ అవసరానికీ మధ్య ఓపెన్ సోర్స్

1983 సెప్టెంబరులో గ్నూ ప్రాజెక్టును ప్రకటించిన రిచర్డ్ స్టాల్‌మన్‌కు కావలసింది మెరుగైన సాఫ్ట్‌వేర్ ఒక్కటే కాదు, స్వేచ్ఛ. ప్రోగ్రామును వాడే, చదివే, మార్చే, పంచుకునే హక్కు ప్రతివాడికీ ఉండాలన్నది ఆయన పట్టు. ఆ హక్కుకు చట్టబలం ఇవ్వడానికే 1989లో జీపీఎల్ లైసెన్సు వచ్చింది. దాని కింద ఉన్న కోడును మార్చి పంచేవాళ్లు తమ మార్పులనూ అదే షరతుతో ఇవ్వాలి.

1991లో లినక్స్ మొదలుపెట్టిన ఫిన్లండ్ విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ మరుసటి ఏడాది ఇదే లైసెన్సుకు మారాడు. అయితే అతనికది ధర్మపోరాటం కాదు, ఇచ్చిపుచ్చుకునే న్యాయమైన ఒప్పందం. అప్పటినుంచీ ఉద్యమంలో రెండు ధోరణులు పక్కపక్కనే నడిచాయి.

అవి బాహాటంగా తలపడింది డెస్క్‌టాప్ దగ్గర. 1996లో మొదలైన కేడీఈ డెస్క్‌టాప్‌కు ఆధారం నార్వే కంపెనీ ట్రోల్‌టెక్ తయారుచేసిన క్యూటీ లైబ్రరీ. అప్పట్లో దాని లైసెన్సు స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ నిర్వచనానికి సరిపోయేది కాదు. అయినా పనికొస్తోంది కదా అని కేడీఈ బృందం ముందుకు సాగింది. ఒప్పుకోనివాళ్లు 1997లో గ్నోమ్ అనే మరో డెస్క్‌టాప్‌ను ప్రారంభించారు. ఈ ఒత్తిడి ఊరికే పోలేదు. 2000లో క్యూటీ కూడా జీపీఎల్ కిందికి వచ్చింది.

అసలు పరీక్ష లినక్స్ కెర్నల్‌కే ఎదురైంది. ప్రపంచం నలుమూలల నుంచి ఈమెయిల్లో వచ్చిపడే ప్యాచ్‌లను ఒక్క మనిషి చూసి కలపడం అసాధ్యమైపోయింది. 2002లో టోర్వాల్డ్స్ కోడు మార్పులను నిర్వహించే బిట్‌కీపర్ అనే పరికరం వాడటం మొదలుపెట్టాడు. అది లారీ మెక్‌వాయ్ కంపెనీ బిట్‌మూవర్ సరుకు. కెర్నల్ డెవలపర్లకు ఉచితమే గానీ అప్పట్లో సోర్స్ కోడ్ ఇచ్చేవారు కాదు. పైగా దాన్ని ఉచితంగా వాడేవాళ్లు పోటీ పరికరం తయారుచేయకూడదని షరతు ఉండేది. స్టాల్‌మన్ గట్టిగా అభ్యంతరం చెప్పాడు. పనికి ఏది మేలైతే అదే వాడతానన్నాడు టోర్వాల్డ్స్. కెర్నల్ పని నిజంగానే వేగం పుంజుకుంది.

మూడేళ్లు గడిచాయి. సాంబా అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ సృష్టికర్త ఆండ్రూ ట్రిడ్జెల్ టెల్‌నెట్‌తో బిట్‌కీపర్ సర్వరుకు కనెక్టై, 'హెల్ప్' అని టైపు చేశాడు. ఏయే ఆదేశాలు పనిచేస్తాయో సర్వరే జాబితా ఇచ్చింది. ఆ దారిలో ఆయన బిట్‌కీపర్‌తో మాట్లాడగల స్వేచ్ఛా ప్రోగ్రాము రాయడం మొదలుపెట్టేసరికి, 2005 ఏప్రిల్‌లో కంపెనీ ఉచిత సౌకర్యాన్ని ఉపసంహరించుకుంది. కెర్నల్ పని నడిరోడ్డున పడింది. టోర్వాల్డ్స్ ఆ నెలలోనే బిట్‌కీపర్ స్థానంలో వాడేందుకు గిట్ రాయడం మొదలుపెట్టాడు. కొద్ది రోజుల్లోనే గిట్ తన కోడును తానే భద్రపరచుకునే స్థాయికి చేరింది. జూన్‌లో విడుదలైన 2.6.12 కెర్నల్ గిట్ మీదే తయారైంది.

లినక్స్ ఆధారిత వ్యవస్థ డెబియన్‌ది మరో దారి. 1997 నాటి సామాజిక ఒప్పందం ప్రకారం ఆ వ్యవస్థ పూర్తిగా స్వేచ్ఛా సాఫ్ట్‌వేరే. కానీ చాలా ల్యాప్‌టాప్‌లలో వైఫై కార్డు పనిచేయాలంటే తయారీదారు ఇచ్చే మూసిన ఫర్మ్‌వేర్ ఉండాల్సిందే. అది అధికారిక ఇన్‌స్టాలర్‌లో ఉండేది కాదు. ఫర్మ్‌వేర్ తెచ్చుకుందామంటే నెట్ కావాలి, నెట్ రావాలంటే ఫర్మ్‌వేర్ కావాలి. అది కలిపిన అనధికార ఇన్‌స్టాలర్ ఉన్నా కొత్తవాళ్ల కంటపడేది కాదు. 2022లో డెవలపర్లు ఓటు వేసి సామాజిక ఒప్పందాన్నే సవరించారు. 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12 ఇన్‌స్టాలర్‌లో ఆ ఫర్మ్‌వేర్ చేరింది. అయితే దాన్ని విడి విభాగంలో ఉంచారు. ఏది వాడుతున్నామో వాడుకరికి చెప్పాలనీ, వీలైనచోట వద్దనుకునే దారి ఇవ్వాలనీ తీర్మానంలోనే రాసుకున్నారు.

కెర్నల్, డెబియన్ రెండుచోట్లా రాజీ పడ్డారు. మొదటిచోట షరతులు మార్చే అధికారం కంపెనీ చేతిలో ఉంది, అందుకే ఒక్క నిర్ణయంతో పని ఆగింది. రెండోచోట రాజీకి హద్దులు గీసింది డెవలపర్లే. అవసరం కోసం సూత్రాన్ని సడలించడం తప్పు కాదు. సడలించే ముందు, రేపు అవతలివాడు కాదంటే మన పని మనం నడుపుకోగలమా అని ప్రతి ప్రాజెక్టూ తనను తాను ప్రశ్నించుకోవాలి.