ఎడమ కాలువ కట్ట మీద డీజిల్ జీపు

నేను రోజూ నడిపేది మహీంద్రా ఎంఎం 540 జీపు. నిడమనూరులో ఇంటి నుంచి పొలానికి, ఎరువు బస్తాలకు హాలియాకు, కోతలప్పుడు మిర్యాలగూడ మిల్లులకు అదే నా బండి. “ఏసీ లేదు, పవర్ స్టీరింగ్ లేదు, ఈ పాతదెందుకు మామా?” అని మా అల్లుడు వచ్చినప్పుడల్లా అడుగుతాడు. అతనికి జవాబు చెప్పాలంటే మా సీమకు ఈ జీపు ఎట్లా వచ్చిందో చెప్పాలి.

జీపు గురించి మా పెద్దలు చెప్పిన తొలి ముచ్చట 1948 సెప్టెంబరుది. నిజాం ఏలుబడిలోని హైదరాబాదు సంస్థానం మీద జరిగిన పోలీసు చర్యలో బెజవాడ వైపు నుంచి భారత సైన్యం కోదాడ, సూర్యాపేట దారిన హైదరాబాదుకు కదిలింది. వెనక్కి తగ్గుతున్న నిజాం సేన మూసీ వంతెనను కూల్చేసింది. ఆ కాలపు సైనిక జీపులు రెండో ప్రపంచ యుద్ధం నాటి విల్లీస్‌వి. సరిగ్గా ఆ రోజుల్లోనే బొంబాయిలో మహీంద్రా వాళ్లు విల్లీస్ విడిభాగాలు తెప్పించి జీపులు బిగించడం మొదలుపెట్టారు. అవన్నీ పెట్రోలు బండ్లే.

మా దగ్గర జీపు అవసరాన్ని పెంచింది మాత్రం సాగర్ ఎడమ కాలువ. 1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కు పునాది వేశారు, 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. నీళ్లు అందినచోటల్లా మెట్ట చేలు మాగాణి అయ్యాయి. దాంతో దారులు కూడా మారాయి. కాలువ కట్టలు, మేజరు కాలువల పక్క బాటలు, కరిగెట్ల నడుమ డొంకలు. వానాకాలంలో వాటి మీద కారు పోదు. ప్రాజెక్టు ఇంజనీర్లు కట్ట మీద జీపుల్లోనే తిరిగేవారు.

అయితే పెట్రోలు జీపును రైతు భరించలేడు. 1973లో ప్రపంచమంతా చమురు ధర ఎగబాకాక అది మరీ భారమైంది. అప్పుడు మెకానిక్ షెడ్లు ఒక ఉపాయం పట్టాయి: పెట్రోలు ఇంజను దించి, ట్రాక్టరు డీజిల్ ఇంజను ఎక్కించడం. చప్పుడు విపరీతం, వేగం తక్కువ, గేరు బాక్సు మీద బరువు ఎక్కువ. అయినా నా లెక్కలో ఇది పల్లె మెకానిక్కులు చేసిన గొప్ప పని. డీజిల్ ఇంజనులో స్పార్కు ప్లగ్గులు, డిస్ట్రిబ్యూటరు ఉండవు. గాలిని గట్టిగా నొక్కితే పుట్టే వేడికే నూనె అంటుకుంటుంది. తడిసి ఆగిపోయే సామాను తక్కువ కనుక నీళ్ల దారిలో నమ్మకం. పైగా ఆయిలింజన్లకు, ట్రాక్టర్లకు రైతు ఇంట్లో డీజిల్ డబ్బా ఎప్పుడూ ఉండేది, ఆ ఇంజను విప్పగల చెయ్యి ఊళ్లోనే దొరికేది.

మహీంద్రా కంపెనీ కూడా డీజిల్ వైపే నడిచింది. ఫ్రాన్సు వారి ప్యూజో ఎక్స్‌డీపీ 4.90 ఇంజను జీపుల్లోకి వచ్చింది. నాలుగు సిలిండర్లు, 90 మిల్లీమీటర్ల బోరు, 2112 సీసీ. 1985లో ఎంఎం 540 ఆ ఇంజనుతోనే వచ్చింది. అదే ఏడు ఎన్టీఆర్ ప్రభుత్వం తాలూకాల స్థానంలో మండలాలు తెచ్చింది. ఆఫీసులు పెరిగాయి, ఆఫీసు జీపులూ పెరిగాయి. కాలం తీరాక వాటిని వేలం వేసేవారు. నా బండి అట్లా వేలంలో పోయి, ఒక కాంట్రాక్టరు చేతిలో కొన్నాళ్లు తిరిగి నా దగ్గరికి చేరింది. నంబరు ఇప్పటికీ పాత నల్లగొండ జిల్లా ఏపీ 24 సిరీసుదే.

2022 సెప్టెంబరులో మా మండలంలోనే ఎడమ కాలువకు గండి పడి పొలాలు మునిగాయి. నీళ్లు తీశాక మిగిలిన ఒండ్రులో ట్రాక్టర్లతో పాటు తిరిగింది ఈ జీపే.

రోజువారీకి పాత డీజిల్ జీపు కొనాలనుకునేవారికి నా సలహా వినండి. ప్యూజో ఇంజను మెత్తగా నడుస్తుంది, కానీ చల్లగా ఉన్నప్పుడు హీటరు ప్లగ్గులు కాలనిదే లేవదు, దాని సామాను ఇప్పుడు వెతుక్కోవాలి. తర్వాత వచ్చిన 2523 సీసీ డీఐ (డైరెక్ట్ ఇంజెక్షన్) ఇంజను మొరటుది, అదురు ఎక్కువ. అయినా బొలెరోల్లోనూ అదే వచ్చింది కనుక సామాను దొరకడం తేలిక. పూట పూటకూ పని ఉన్నవారు డీఐ తీసుకోండి, ఓపిక ఉన్నవారు ప్యూజో తీసుకోండి. ఇంజను చల్లారి ఉన్నప్పుడే వెళ్లి స్టార్టు చేయించండి. రంగు చూసి మురవకండి, కింద పడుకుని ఛాసిస్ తుప్పు చూడండి, ఫోర్‌వీల్ గేరు పడుతుందో లేదో బురదలోనే పరీక్షించండి. ఆర్‌సీలో ఇంజను నంబరు బండి మీద ఉన్న నంబరుతో కలవాలి. మార్చిన ఇంజను రికార్డుకెక్కకపోతే ఆ బండి వద్దు. పదిహేనేళ్లు దాటిన బండికి ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషను పొడిగించాలి, దాంతో పాటు గ్రీన్ ట్యాక్సు కట్టాలి. ఆ ఖర్చు లెక్కేసుకున్నాకే బయానా ఇవ్వండి.